గుండుతో పట్టాయా: అమ్మను తీసుకెళ్ళిన నా అనుభవం

"పట్టాయాకు పోతున్నాం" అని చెప్పగానే మా లాడ్జీలో ఒక్కొక్కరి మొహంలో ఒక నవ్వు. "అమ్మ కూడా వస్తోంది" అన్నాక ఆ నవ్వు ఎటు పోవాలో తెలీక అక్కడే ఆగిపోయింది. నేను, నా భార్య, డిగ్రీ చదివే కూతురు, అరవై దాటిన అమ్మ. నలుగురం 2025 నవంబరు 2 రాత్రి తిరుపతిలో థాయ్‌లాండ్‌కు బయల్దేరి, 8 తెల్లవారుజామున ఇల్లు చేరాం. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని పోవాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బస్టాండు దగ్గర ఒక చిన్న లాడ్జీలో కౌంటర్ నాది. బస్సు దిగిన మనిషి చేతిలో సంచీ చూసి ఎంత అడగాలో ఆటోవాళ్ళు ఎలా లెక్కగడతారో ఏళ్ళ తరబడి చూస్తున్నాను. అందుకే ఇంకొకరి ఊరికి యాత్రికుడిగా పోయినప్పుడు, సముద్రం కంటే ముందు నా కళ్ళు ఆ బేరాల మీదికే పోయాయి. సముద్రం గురించి ఇంతకంటే బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మాకు పాస్‌పోర్టులున్నాయి, అమ్మకు లేదు. ఆగస్టులో తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే దరఖాస్తు ఇచ్చాం. మామూలు ఫీజు 1500, అరవై దాటిన వాళ్ళకు పది శాతం తగ్గింపు కాబట్టి 1350 కట్టాం. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటే ముందే పూర్తిగా మార్పించుకోండి. మాకు ఆ పనికే రెండు వారాలు పట్టింది. అమ్మ పదో తరగతి చదవలేదు, దానివల్ల ఏమైనా అడ్డమొస్తుందేమో అని భయపడ్డాం గానీ, పది పాసుకాని వాళ్ళకుండే ఆ ఇమిగ్రేషన్ క్లియరెన్స్ (కొన్ని దేశాలకు పోయే ముందు సర్కారు అనుమతి) గొడవ యాభై దాటిన వాళ్ళకు లేదు. పోలీసు వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ ఇంటికొచ్చాడు, అమ్మ కాఫీ ఇచ్చింది, పుస్తకం పోస్టులో వచ్చేసింది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. పాస్‌పోర్టు ఏ ఇబ్బందీ లేకుండా వస్తే తలనీలాలు ఇస్తానని అమ్మ మొక్కుకుందంట. మాకెవరికీ చెప్పలేదు. అక్టోబరు 24న కొండకు పోయి, కల్యాణకట్టలో గుండు గీయించుకుని, గంధం పూసుకుని చల్లగా ఇంటికొచ్చింది. నా కూతురు చూసి అరిచింది: "అవ్వా! పాస్‌పోర్టులో జుట్టుంది కదే!"

పాస్‌పోర్టు ఫొటో సేవా కేంద్రంలో వాళ్ళే తీస్తారు. అందులో అమ్మకు నడినెత్తిన పాపిడి, వెనక కొప్పు. ప్రయాణానికి పది రోజులు కూడా లేదు. టికెట్లు తీసిచ్చిన ఏజెంటును అడిగితే "కొంచెం పెరిగాక పోండి సార్" అన్నాడు, నాన్‌రిఫండబుల్ టికెట్లు అంటగట్టిన మనిషే. నా భార్య మటుకు తొణకలేదు. "మొహం అదే, కళ్ళు అవే, ముక్కుపుడక అదే. గుండు చూసి ఆపేటట్టయితే తిరుపతి వాళ్ళెవరూ దేశం దాటరు" అంది. అయినా ఆధార్, పాన్ కార్డు కూడా అమ్మ చేతి సంచీలో పెట్టాం.

మేం పోయినప్పుడు వీసా అక్కర్లేకపోయింది. 2025 నవంబరులో మన పాస్‌పోర్టుకు అరవై రోజుల దాకా వీసా లేకుండానే ముద్ర వేస్తుండేవాళ్ళు. కానీ 2025 మే 1 నుంచి టీడాక్ అని ఒక డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి చేశారు. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, మనిషికొకటి. దానికి పైసా ఖర్చు లేదు. ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా వీధిలో ఒక నెట్ సెంటర్లో మనిషికి 800 అడిగారు. ఇంటికొచ్చి నా కూతురు వెతికితే, అచ్చం ప్రభుత్వం వాళ్ళదే అన్నట్టున్న సైట్లు డాలర్లలో డబ్బులు అడుగుతూ కనిపించాయి. థాయ్ ఇమిగ్రేషన్ వాళ్ళ అసలు సైటు పేరు చివర డాట్ గో డాట్ టీహెచ్ ఉంటుంది. నలుగురివీ నింపడానికి ముక్కాలు గంట పట్టింది, క్యూఆర్ కోడ్ మెయిల్‌కు వచ్చింది. ఫోన్ చార్జింగ్ అయిపోతే దిక్కుండదని ప్రింట్లు కూడా తీశాం.

నవంబరు 2 రాత్రి ఏడింటికి కారెక్కాం. పుత్తూరు దాటేసరికే జల్లు పట్టుకుంది. మనకు ముసురు పట్టే ఈ నెలలోనే పట్టాయాలో వానలు వెనకపడతాయి, ఎండ కూడా కాస్త నెమ్మదిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరులో టికెట్లు చవగ్గా దొరుకుతాయి గానీ అక్కడ గట్టి వానలు అప్పుడే. గట్టిగా కురిస్తే బీచ్ రోడ్డే మునుగుతుందని హోటల్ వాళ్ళు చెప్పారు.

చెన్నై ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్ అమ్మాయి పాస్‌పోర్టు చూసింది, అమ్మను చూసింది. "మొట్టైయా? తిరుపతియా మా?" అని నవ్వింది. "ఆమా కణ్ణూ" అంది అమ్మ. చిత్తూరు జిల్లా మనిషికి అరవం రాకుండా ఎలా ఉంటుంది! అంతే, బోర్డింగ్ పాస్ చేతికొచ్చింది. మన ఇమిగ్రేషన్ ఆఫీసరు గుండు సంగతే ఎత్తలేదు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ అడిగి పంపేశాడు.

బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగేసరికి అక్కడి టైము పొద్దున ఆరున్నర. మనకంటే గంటన్నర ముందు. లైన్లో గంటా పది నిమిషాలు నిలబడ్డాం. కాళ్ళనొప్పులున్న పెద్దవాళ్ళయితే టికెట్ తీసేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. మా అమ్మ "నేనేమన్నా ముసలిదాన్నా" అని ఒప్పుకోలేదు, లైన్ సగానికి వచ్చేసరికి బ్యాగు మీద కూర్చుంది.

అక్కడ కౌంటర్లో కూర్చున్న ఆఫీసరమ్మ టోపీ తీయమని సైగ చేసింది. తీసింది అమ్మ. ఆమె పుస్తకం చూసింది, అమ్మను చూసింది, మళ్ళీ పుస్తకం చూసింది. పక్క కౌంటర్ ఆయన్ను పిలిచింది. వెనకున్న నాకు కడుపులో చెయ్యిపెట్టి కెలికినట్టయింది. అమ్మ ఏమనుకుందో ఏమో, రెండు చేతులూ జోడించి నిలబడింది. అంతే, ఆమె లేచినంత పని చేసి తనూ చేతులు జోడించింది! అక్కడ బౌద్ధ సన్యాసినులు గుండుతో ఉంటారు. అమ్మను కూడా అలాంటి మనిషే అనుకున్నట్టుంది. నా కూతురు "టెంపుల్, హెయిర్, గాడ్" అని మూడు ముక్కలు చెప్పింది. దాంతో గుండు సమస్య తీరింది. అసలు ఆలస్యం వేలిముద్రల దగ్గర జరిగింది. ఏళ్ళ తరబడి అంట్లు తోమిన వేళ్ళు, మెషీన్ పట్టుకోలేదు. తడి టిష్యూతో తుడిచి, ఒక్కొక్క వేలూ నొక్కిపెట్టి, పది నిమిషాలకు ముద్ర పడింది. పెద్దవాళ్ళతో పోయేవాళ్ళు తడి టిష్యూ ప్యాకెట్ ఒకటి చేతిలోనే పెట్టుకోండి.

డబ్బు మార్చుకోవడానికి బ్యాగులు తీసుకునే చోట ఉన్న కౌంటర్ల దగ్గర ఆగొద్దు. కింద బేస్‌మెంటులో, సిటీ రైలు ఎక్కే అంతస్తులో ఉన్న కౌంటర్లలో రేటు బాగుంటుంది. మేం చెన్నైలో డాలర్లు తీసుకుని అక్కడ బాట్లకు మార్చాం. బాటు మాకు రెండు రూపాయల డెబ్బై పైసల చిల్లర పడింది. ఏటీఎంలో మన కార్డు పెడితే ఎంత తీసినా ప్రతిసారీ రెండొందల బాట్ల పైన చార్జీ పడుతుంది. అంగళ్ళలో స్కాన్ బోర్డులు ఉంటాయి గానీ మన యూపీఐ వాటికి పనిచేయలేదు.

అక్కణ్ణించి పట్టాయా సుమారు 120 కిలోమీటర్లు. బయటికి రాగానే "పట్టాయా? పట్టాయా?" అని చుట్టుముట్టారు. నాకు మా బస్టాండే గుర్తొచ్చింది. కింది అంతస్తులో 8వ గేటు దగ్గర బస్సు టికెట్ కౌంటర్ ఉంది. మనిషికి 150 బాట్లకు లోపే, ఏసీ బస్సు, రెండు గంటలు. మాకు దొరికింది ఆ తర్వాతి బస్సు కాదు, దాని తర్వాతిది. యాభై నిమిషాలు కాచుకున్నాం. సామాను ఎక్కువుండి నలుగురైదుగురుంటే యాప్‌లో కారు కూడా పెట్టుకోవచ్చు.

హోటల్ పట్టాయాకు దక్షిణం వైపు జోమ్టియెన్ అనే బీచ్ దగ్గర తీసుకున్నాం. జనం నవ్విన నవ్వుకు అసలు కారణమైన బార్ల వీధి, వాకింగ్ స్ట్రీట్, ఊరికి దక్షిణపు కొసన ఒక చోట ఉంటుంది. దానికీ జోమ్టియెన్‌కూ మధ్య ఒక గుట్ట అడ్డం. కుటుంబంతో పోయేవాళ్ళకు జోమ్టియెన్ గానీ, ఉత్తరాన నక్లువా గానీ నయం. సాయంత్రాలు అక్కడంతా పిల్లల్ని తోపుడు బండ్లలో పెట్టుకుని తిరిగేవాళ్ళే. గదికి వెయ్యి బాట్లు డిపాజిట్ కట్టించుకున్నారు, పోయేటప్పుడు తిరిగిచ్చారు. రసీదు దాచుకోండి.

ఇప్పుడు సాంగ్‌థావ్ గురించి చెప్పాలి. ముదురు నీలం రంగు పికప్ బండి, వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు, పైన కప్పు. మన శ్రీనివాస మంగాపురం రోడ్డులో తిరిగే షేర్ ఆటో లాంటిదే, కాస్త పెద్దది. బీచ్ రోడ్డులో ఉత్తరం నుంచి దక్షిణానికి, సెకండ్ రోడ్డులో తిరిగి పైకి తిరుగుతుంటాయి. మా లాడ్జీకొచ్చే వాళ్ళందరికీ నేను చెప్పే మాట "ధర అడిగి ఎక్కండి సామీ" అని. అక్కడ అది పూర్తిగా తలకిందులు. "ఎంత?" అని అడిగారంటే మీరు బండి మొత్తం మాట్లాడుకుంటున్నారని అర్థం, రెండొందలు చెబుతాడు. ఏమీ అడక్కుండా ఎక్కి కూర్చోవాలి, దిగే చోట పైనున్న బెల్లు నొక్కాలి, దిగి ముందుకెళ్ళి డ్రైవరు చేతిలో డబ్బులు పెట్టి నడిచిపోవాలి, మేం పోయినప్పుడు మనిషికి పది బాట్లు. జోమ్టియెన్ నుంచి ఊళ్ళోకైతే మధ్యలో మారాల్సి వచ్చింది, అక్కడ మళ్ళీ పది. చిల్లర తప్పనిసరిగా దగ్గరుంచుకోండి. ఎవరూ ఎక్కని ఖాళీ బండి నిలబడి ఉంటే దాని జోలికి పోవద్దు. నలుగురు కూర్చున్న బండి ఆపి ఎక్కండి.

తిండి దగ్గరే నాకు ఎక్కువ బెంగ. అది కార్తీక మాసం. అమ్మ నీచు ముట్టదు, ఉల్లి వెల్లుల్లి కూడా మానేస్తుంది. అక్కడ కూరగాయల వేపుడు అని చెప్పినా చేపల సాసు పడకుండా ఉండదు. "వెజిటేరియన్" అంటే గుడ్డు వేసి పెట్టారొక చోట. చివరికి దారి చూపించింది హోటల్లో గదులు ఊడ్చే ఆవిడ. "జే" అని అడగమంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం రాసిన అంగళ్ళలో దొరికేది అదే భోజనం. మాంసం, చేప, గుడ్డు ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు! అమ్మ మొదటి రోజు అనుమానంగా వాసన చూసి, రెండో రోజు నుంచి తనే ముందు నడిచింది. అన్నం, రెండు కూరలు కలిపి అరవై బాట్లు. ఇండియన్ హోటళ్ళు ఊరంతా ఉన్నాయి గానీ నలుగురం ఒకపూట తింటే వెయ్యి బాట్లు దాటింది, పప్పు కూడా తియ్యగా ఉంది. మిగతా పూటలు ఇంటి నుంచి తెచ్చిన నిప్పట్లు, పప్పులపొడి, గదిలో ఉన్న కెటిల్‌తో గడిచిపోయాయి.

నవంబరు 4న సత్యాలయం చూశాం, శాంక్చువరీ ఆఫ్ ట్రూత్ అంటారు. సముద్రం ఒడ్డున మొత్తం చెక్కతో కట్టిన పెద్ద కట్టడం. 1981లో మొదలుపెట్టారు, ఇంకా చెక్కుతూనే ఉన్నారు. పని జరుగుతున్న చోటు కాబట్టి లోపలికి పోయేవాళ్ళకు హెల్మెట్ ఇస్తారు. అమ్మ గుండుకు అది నిలవలేదు, జారి ముక్కు మీదికొచ్చేది. తువ్వాలు చుట్టి పైన పెట్టాం. లోపల వినాయకుడు, బ్రహ్మ, బుద్ధుడు అందరూ ఉన్నారు. అమ్మ మటుకు పక్కన షెడ్డులో ఉలితో చెక్కుతున్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. చెక్కపొట్టు ఒకటి తీసుకుని వాసన చూసి నాకిచ్చింది. టికెట్ మాకు మనిషికి ఐదొందల బాట్లు, మా ఖర్చుల్లో అన్నిటికంటే ఎక్కువ అనిపించింది అదే. అయినా ఇంకోసారి పోతే మళ్ళీ కొంటాను.

5వ తేదీ బుధవారం, కార్తీక పౌర్ణమి. పొద్దున్నే సముద్ర స్నానం అన్నది అమ్మ. ఒడ్డున కుర్చీలు, గొడుగులు ఒక్కటీ లేవు. బుధవారాలు అవి వేయరంట, నీడ కావాలనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. నీళ్ళలో తేలే బంతులతో తాడు కట్టి ఈతకు హద్దు పెట్టి ఉంటారు. పడవలు, స్కూటర్లు దాని బయటే తిరగాలి. ఆ లోపలే ఉన్నాం. చీర మోకాళ్ళ పైకి దోపుకుని మూడు మునకలు వేసింది. పొద్దున ఎనిమిదింటి ఎండ గుండు మీద గంటసేపు పడినందుకు ఆ సాయంత్రానికి నెత్తి ఎర్రగా కమిలిపోయింది. కొండకు పోయొచ్చి బీచ్‌కు పోయే మనవాళ్ళు ఎవరున్నా, టోపీ, సన్‌స్క్రీన్ నెత్తికి కూడా.

సాయంత్రం బయటికొస్తే రోడ్డు పొడవునా అరటి దవ్వ ముక్కల మీద ఆకులు మడిచి, పూలు గుచ్చి, కొవ్వొత్తి, మూడు అగరుబత్తులు పెట్టి అమ్ముతున్నారు. లోయ్ క్రథాంగ్ అని వాళ్ళ పండగ. అదీ ఈ పౌర్ణమికే. అక్టోబరు 24న వాళ్ళ రాజమాత సిరికిత్ చనిపోయారు, అందుకే చాలామంది నలుపు బట్టల్లో ఉన్నారు, పాటల హోరు లేదు. మేమూ రంగురంగులవి వేసుకోకుండా జాగ్రత్తపడ్డాం.

యాభై బాట్లకు ఒకటి కొన్నాం. అమ్మే పిల్ల అమ్మకు ఏదో చెప్పబోయింది, భాష కలవలేదు. వేళ్ళతో కత్తెర చేసి తన జుట్టు కొస కత్తిరించినట్టు, దాన్ని ఆకుల మధ్య పెట్టినట్టు చూపించింది. జుట్టు ముక్కో, గోరు ముక్కో అందులో పెట్టి నీళ్ళలో వదిలితే చెడంతా పోతుందని వాళ్ళ నమ్మకమంట. అమ్మ తువ్వాలు తీసి గుండు చూపించింది. "ఇప్పుడే కదమ్మా మా సామికి మొత్తం ఇచ్చేసొచ్చా, ఇంక నీకెక్కడ తెచ్చేది" అంది తెలుగులోనే. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. చివరికి అమ్మ రూపాయి బిళ్ళ పెట్టి వదిలింది. అల వెనక్కి తోసింది. నడుములోతు నీళ్ళలో నిలబడి దొప్పల్ని లోపలికి నెట్టే కుర్రాళ్ళున్నారు, నెట్టేటప్పుడు బిళ్ళలు ఏరుకుంటున్నారు కూడా. అమ్మ చూసి "ఈ పని చేసేవాళ్ళు ఇక్కడా ఉన్నారా" అంది.

6న కో లాన్ దీవికి. బలీహాయ్ రేవు నుంచి మామూలు పడవ మనిషికి 30 బాట్లు, ముప్పావు గంట. రేవు దాకా పోకముందే "స్పీడ్ బోట్, స్పీడ్ బోట్" అని ఆపేస్తారు. "పెద్ద పడవ ఇవాళ లేదు" అని కూడా చెప్పాడు ఒకడు. ఆ మాట విని నాకు నవ్వొచ్చింది, "ఆ లాడ్జీ ఫుల్లు సార్" అని మా పక్కవాళ్ళు చెప్పే గొంతు అదే. నేరుగా నడిచిపోయి రేవు చివర టికెట్ కౌంటర్‌లో కొన్నాం. దీవిలో నీళ్ళు తేటగా ఉన్నాయి, పాదాలు కనిపిస్తాయి. కుర్చీకి వంద బాట్లు, బాత్రూముకు వేరే. చివరి పడవ టైము దిగిన వెంటనే బోర్డు మీద ఫొటో తీసుకోండి.

జెట్ స్కీ ఎక్కుతానని నా కూతురు అడిగింది, నేను ఒప్పుకోలేదు. జోమ్టియెన్ ఒడ్డున మా పక్కనే ఉత్తరాది కుర్రాళ్ళు ఇద్దరు తిప్పి దిగారు. బండి యజమాని కింద ఒంగి ఒక గీత చూపించి ఇరవై వేల బాట్లు అడుగుతున్నాడు. ఆ గీతలో నాచు పట్టి ఉంది. ఆ నాచు ఆ పావుగంటలో పట్టింది కాదని నాకూ కనిపిస్తోంది, వాళ్ళకూ కనిపిస్తోంది. కానీ పాస్‌పోర్టు వాడి దగ్గర తాకట్టులో ఉంది. గంటసేపు వాదించి ఆరు వేలు ఇచ్చి విడిపించుకున్నారు. ఎక్కే తీరాలనుకుంటే ముందు బండి చుట్టూ వీడియో తీయండి, పాస్‌పోర్టు మటుకు ఎవరికీ ఇవ్వకండి. అద్దె స్కూటర్లకూ అంతే. వాటికి మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి, ట్రాఫిక్ పోలీసులు ఆపి అడుగుతున్నారు.

తిరుగు బస్సుకు ముందురోజే సీట్లు రాయించుకున్నాం. 7 రాత్రి విమానం, చెన్నైలో దిగి వానలోనే తిరుపతి. మొత్తం ఖర్చు నలుగురికి లక్షా అరవై రెండు వేలు, అందులో సగం టికెట్లకే. మిగిలిన బాట్లు చెన్నైలో మార్చబోతే "చిన్న నోట్లు మేం తీసుకోం" అన్నారు. మా లాడ్జీలో ఇద్దరు కుర్రాళ్ళు జనవరిలో పోతున్నారు, మొదట నవ్విన వాళ్ళే, ఆ నోట్లు వాళ్ళకిచ్చేశాను. జెట్ స్కీ సంగతి కూడా చెప్పాను, వింటారో లేదో.